మాటకు మూలం

తిరుమల వెళ్ళిన యాత్రికులలో పెక్కుమంది స్వామి దర్శనమైన తరువాత శిలాతోరణం చూడకుండా కొండ దిగరు. ఆలయానికి కిలోమీటరు దూరంలో, చక్రతీర్థానికి సమీపాన ఉన్న ఈ తోరణాన్ని ఏ శిల్పీ చెక్కలేదు. గాలి, వాన, ఎండ కలిసి మలచినవి. దాని వెడల్పు సుమారు 8 మీటర్లు, ఎత్తు సుమారు 3 మీటర్లు. దాని ముందు నిలిచిన ప్రతివానికీ తోచే ప్రశ్న ఒకటే: ఇది ఎన్నాళ్ళనాటిది?

జవాబు చెప్పేవారికి కొదవ లేదు. "నూటయాభై కోట్ల సంవత్సరాలనాటిది" అంటారు. "ప్రపంచం మొత్తంమీద ఇటువంటివి మూడే ఉన్నవి" అని కూడా అంటారు. ఈ రెండు మాటలూ పుస్తకాలలోనూ, పత్రికలలోనూ, ఫలకాలమీదా ఎన్నోసార్లు అచ్చయినవి. తిరుపతిలో చదువుకొంటున్న ఒక విద్యార్థి అంతర్జాలంలోని తెలుగు విజ్ఞాన సర్వస్వానికి, అంటే తెలుగు వికీపీడియాకు, శిలాతోరణంమీద ఒక వ్యాసం రాయబూనినాడనుకొందాం. అతడు ఈ రెండు మాటలనూ రాయవచ్చునా?

మొదటి మాటను కొంచెం పరీక్షిస్తే అందులోని చిక్కు బయటపడుతుంది. తిరుమల కొండలు కడప శిలా సముదాయానికి చెందిన క్వార్ట్‌జైటు రాళ్ళతో ఏర్పడినవి. వాటికి అడుగున అంతకంటె ఎంతో ప్రాచీనమైన గ్రానైటు ఉన్నది. ఈ రెండింటికీ నడుమ కోట్లాది సంవత్సరాల కాలవ్యవధి గడిచిపోయినదని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. కొండ దారిలో రోడ్డుకోసం తొలిచిన చోట ఈ రెండు రాళ్ళూ కలిసే గీత కంటికి కనిపిస్తుంది. దానినే ఎపార్కియన్ అననురూపత అంటారు. నూటయాభై కోట్లు అనే అంకె ఆ క్వార్ట్‌జైటు రాతి వయస్సుకు సంబంధించినది. రాయి ఏర్పడటం వేరు, ఆ రాయి అరిగి తోరణం కావటం వేరు. పాత రాతితో నిన్న కట్టిన ఇల్లు రాతి వయస్సుదని ఎవరూ అనరు కదా!

రెండవ మాట ఇంతకంటె సులభంగా వీగిపోతుంది. అమెరికాలోని ఊటా రాష్ట్రంలో తోరణాల జాతీయ వనం ఉన్నది. ఆ ఒక్క వనంలోనే రెండువేలకు పైగా సహజ శిలాతోరణాలున్నవి. కనుక "ప్రపంచంలో మూడే" అన్నమాట, రాతి జాతి, నిర్మాణం వంటి షరతులు లేకుండా నిలవదు. వందమంది చెప్పినంత మాత్రాన అది నిజం కాదు. ఆ వందమందిలో మొదట చెప్పినవారెవరు, ఏ పరిశీలనమీద చెప్పినారు అన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబునే విజ్ఞాన సర్వస్వ రచయితలు "మూలం" అంటారు.

రచయిత తెలియని గ్రంథం

తెలుగులో విజ్ఞాన సర్వస్వ రచనకు నూరేళ్ళు దాటిన చరిత్ర ఉన్నది. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు "ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము"ను ప్రారంభించి, అకారంతో మొదలయ్యే విషయాలైనా ముగియకముందే 1923లో కన్నుమూసినారు. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు ఆ కృషిని చేపట్టినారు. స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో తెలుగు భాషా సమితి విషయాలవారీగా సంపుటాలు వెలువరించే పనికి పూనుకొన్నది. వీటన్నిటిలో ఒక పోలిక ఉన్నది. ప్రతి వ్యాసాన్నీ ఆ విషయంలో పండితుడైనవాడు రాసినాడు. పాఠకుడు ఆ పండితుని పేరును చూసి వ్యాసాన్ని నమ్మినాడు.

వికీపీడియా దీనికి భిన్నమైనది. 2001 జనవరిలో ఆంగ్లంలో ప్రారంభమై, 2003 డిసెంబరులో తెలుగులో మొదలైన ఈ సర్వస్వంలో ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. రాసినవారు ఆచార్యులో, బడిపిల్లవాడో పాఠకునికి తెలియదు. తెలుసుకొనే అవసరమూ ఉండకూడదు. అయితే పాఠకుడు దేనిని చూసి నమ్మాలి? వాక్యం చివర ఉన్న చిన్న అంకెను చూసి. ఆ అంకె పుట అడుగున ఉన్న మూలానికి దారి చూపుతుంది. పండితుని పేరుకు బదులుగా ఇక్కడ మూలం హామీ ఉంటున్నది. మూలం తీసివేస్తే మిగిలేది రచ్చబండ మాట మాత్రమే.

తెవికీ సభ్యులు 2015 ఫిబ్రవరిలో తమ పదకొండవ వార్షికోత్సవాన్ని తిరుపతిలోనే జరుపుకొన్నారు. వారు వాడే పారిభాషిక పదాలలో కొత్తవారు మొదట నేర్వవలసినది "నిర్ధారత్వం". రాసిన మాటను పాఠకుడు స్వయంగా మరొకచోట సరిచూసుకోవటానికి వీలుండాలని దీని అర్థం. "నాకు తెలుసు", "మా తాతగారు చెప్పినారు", "ఊళ్ళో అందరికీ తెలిసినదే" అన్నవి నిజాలే కావచ్చు; కాని సరిచూసుకొనే మార్గం వాటికి లేదు.

శాసనం ఒకటి, తేదీలు రెండు

మూలాలన్నీ ఒక్క తరగతికి చెందినవి కావు. సంఘటనకు మిక్కిలి దగ్గరగా ఉన్నవి ప్రాథమిక మూలాలు: శాసనాలు, ఉత్తరాలు, ప్రయోగశాల లెక్కలు, జనాభా పట్టికలు. వాటిని పరిశీలించి, పోల్చి, విమర్శించి ఇతరులు రాసిన గ్రంథాలు ద్వితీయ మూలాలు. ఆ గ్రంథాలను క్రోడీకరించే పాఠ్యపుస్తకాలు, నిఘంటువులు, విజ్ఞాన సర్వస్వాలు తృతీయ మూలాలు. కొత్తవారు తరచుగా "మొదటిదే ఉత్తమం కదా" అనుకొంటారు. సామవై శాసనాన్ని చూస్తే ఆ అభిప్రాయం మారుతుంది.

పల్లవ వంశానికి చెందిన సామవై అనే రాణి తిరుమల ఆలయానికి వెండి ప్రతిమను సమర్పించినట్టు ఆలయ కుడ్యంమీద తమిళ శాసనం ఉన్నది. ఆ ప్రతిమయే భోగ శ్రీనివాసమూర్తి. ఈ దానం ఏ సంవత్సరంలో జరిగినది? కొన్ని పుస్తకాలు క్రీ.శ. 614 అంటున్నవి, మరికొన్ని 966 అంటున్నవి. రెండింటికీ నడుమ మూడున్నర శతాబ్దాల తేడా! కారణం స్పష్టమే. శాసనం శకవర్షాన్ని చెప్పదు; ఒక రాజు ఏలుబడిలో 14వ సంవత్సరమని మాత్రమే చెబుతుంది. ఆ రాజు ఎవరు, లిపి ఏ కాలపుది అనే విచారణను బట్టి తేదీ నిర్ణయమవుతుంది. ఆ విచారణ చేయవలసినవారు శాసన పరిశోధకులు. దేవస్థానం శాసనాలను పరిష్కరించి 1930వ దశకంలో సంపుటాలుగా వెలువరించిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వంటివారు అట్టివారు.

విద్యార్థి గోడమీది శాసనాన్ని చదివి తానే తేదీ తేల్చరాదు. అట్లా తేల్చటాన్ని "మౌలిక పరిశోధన" అంటారు. అది విశ్వవిద్యాలయాలకు భూషణమే కాని, విజ్ఞాన సర్వస్వంలో నిషిద్ధం. తనకు నచ్చిన ఒక తేదీని రాసి రెండవదానిని దాచటం కూడా తప్పే. ఫలానా గ్రంథం 614 అంటున్నది, ఫలానా గ్రంథం 966 అంటున్నది, భేదానికి కారణమిది అని మూడు వాక్యాలు రాస్తే చాలు. పరిశోధకులలో ఎక్కువమంది ఒకవైపు ఉంటే ఆ మాట కూడా, మూలం చూపి చెప్పాలి. తెవికీలో దీనిని "తటస్థ దృక్కోణం" అంటారు.

ఎవరు చెప్పినారో చెప్పటం కూడా ఇటువంటిదే. అన్నమాచార్యులు 32 వేల సంకీర్తనలు రచించినాడని అందరూ అంటారు. ఈ అంకెను చెప్పినది ఆయన మనుమడు తాళ్ళపాక చిన్నన్న, తన "అన్నమాచార్య చరిత్రము" అనే ద్విపద కావ్యంలో. తిరుమలలో దొరికిన రాగిరేకులమీద ఉన్నవి అందులో సగం కూడా లేవు. కనుక "32 వేలు రచించినాడు" అనే వాక్యం కంటె "32 వేలు రచించినట్టు చిన్నన్న చెప్పినాడు" అనే వాక్యం సత్యానికి దగ్గరగా ఉంటుంది. నాలుగు మాటలు ఎక్కువైతే నష్టం లేదు.

అంకెలకు కూడా ఎల్లలున్నవి

మాటలకంటె అంకెలు నమ్మకంగా కనబడతవి. అందువల్లనే అవి ఎక్కువగా మోసగిస్తవి. చిత్తూరు జిల్లా జనాభాను చూడండి. 2011 జనాభా లెక్కల తొలి ప్రకటనలో అది 41,70,468. తుది లెక్కలో 41,74,064. రెండూ ప్రభుత్వ ప్రకటనలే. మొదటిది తాత్కాలికమని గమనించనివారు ఈనాటికీ దానినే ఎత్తి రాస్తున్నారు.

అంతకంటె పెద్ద పొరపాటు వేరొకటి ఉన్నది. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా 2022 ఏప్రిల్ 4న పునర్విభజన పొందినది. కొంత భాగం కొత్త తిరుపతి జిల్లాలోకీ, కొంత అన్నమయ్య జిల్లాలోకీ పోయినది. 41 లక్షల లెక్క విభజనకు పూర్వపు జిల్లాది. దానిని తెచ్చి విభజన తరువాతి జిల్లా పేరు కింద రాస్తే, మూలం సరియైనదే, వాక్యం మాత్రం తప్పు. అట్లాగే తిరుపతి నగర జనాభా 2011లో 2,87,035 అన్నప్పుడు అది ఆనాటి నగరపాలక పరిధికి చెందిన లెక్క అని చెప్పాలి. అంకె పక్కన సంవత్సరమూ, ఎల్లలూ లేకపోతే ఆ అంకె తూకపురాయి లేని త్రాసు వంటిది.

శాస్త్ర విషయాలలో కాలం ఇంకా ముఖ్యమైనది. శేషాచలం అడవులకు ప్రసిద్ధి తెచ్చిన ఎర్రచందనాన్ని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం 1998లో అంతరించే ప్రమాదమున్న జాతిగా పేర్కొన్నది. 2018లో ప్రమాదపు అంచున ఉన్న జాతి అని తగ్గించినది. తరువాత మళ్ళీ పూర్వపు వర్గంలోనే చేర్చినది. ఏ సంవత్సరపు జాబితాను చూసినారో రాయకపోతే ముగ్గురు రచయితలు మూడు మాటలు చెప్పి, ముగ్గురూ తామే ఒప్పని వాదించవచ్చు.

ఎవరి మాట దేనికి చెల్లుతుంది?

మంచి మూలం, చెడ్డ మూలం అని ఒక్కమాటలో విభజించటం సాధ్యం కాదు. ఏ మాటకు ఏ మూలం అని అడగాలి. తిరుపతికి సమీపాన గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉన్నది. అక్కడి ఎం.ఎస్.టి. రాడారు 53 మెగాహెర్ట్‌జ్ పౌనఃపున్యంమీద 1,024 ఆంటెన్నాలతో పనిచేస్తుందని చెప్పటానికి ఆ సంస్థ ప్రచురణ చాలును. కాని ఏ సంస్థనైనా "దేశంలో అగ్రగామి" అనాలంటే ఆ సంస్థ మాటే సాక్ష్యం కాజాలదు. తన పెరుగు పుల్లనిదని ఎవరు చెబుతారు? దానితో సంబంధం లేని ఇతరులు అట్లా రాసి ఉండాలి.

దినపత్రిక విషయమూ అంతే. చిత్తూరులో నిన్న ఎంత వర్షం కురిసినది, ఏ వంతెన ప్రారంభమైనది అనే విషయాలకు పత్రిక మంచి మూలం. వైద్య విషయాలకు కాదు. శేషాచలంలో వేగిస చెట్టు పెరుగుతుంది. దాని చేవతో చేసిన గ్లాసులో రాత్రంతా నీరు నిలువ ఉంచి, తెల్లవారి తాగితే మధుమేహం తగ్గుతుందనే నమ్మకం ఉన్నది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యాన ఈ చెట్టు సారంమీద రోగులలో పరీక్షలు జరిగి, వాటి ఫలితాలు 1998లో అచ్చయినవి. అయితే నిర్ణీత మోతాదులో ఇచ్చిన సారం వేరు, గ్లాసులోని నీరు వేరు. ఒకదాని ఫలితాన్ని రెండవదానికి అంటగట్టి "మధుమేహం నయమవుతుంది" అని రాస్తే, ఆ వాక్యాన్ని చదివి మందు మానివేసే మనిషి ఒక్కడున్నా చాలు, అనర్థం జరిగినట్టే. అందుకే వైద్య వ్యాసాలలో ఒక్క పరీక్షను కాక, అనేక పరీక్షలను కలిపి సమీక్షించిన ప్రామాణిక రచనలను మూలాలుగా తీసుకోవాలంటారు.

జీవించి ఉన్న వ్యక్తుల విషయంలోనూ ఇంత జాగ్రత్త అవసరమే. జాన్ సీగెంథాలర్ అనే అమెరికన్ పాత్రికేయుని జీవిత వ్యాసంలో 2005లో ఎవరో ఆయనను కెనడీ హత్యలతో ముడిపెడుతూ అబద్ధం చేర్చినారు. దానికి మూలం లేదు. అయినా నాలుగు నెలలపాటు ఎవరూ గమనించలేదు. ఆ తరువాతనే జీవించి ఉన్నవారి వ్యాసాలలో మూలం లేని నిందను వెంటనే తొలగించాలనే కట్టుబాటు గట్టిపడినది.

ఉటంకించే పద్ధతి

మూలం దొరికినది. దానిలోని విషయాన్ని వ్యాసంలోకి ఎట్లా తేవాలి? మార్గాలు రెండు: సొంత మాటలలో చెప్పటం, ఉన్నదున్నట్టు ఉటంకించటం. సాధారణంగా మొదటిదే ఉత్తమం. అయితే నాలుగు పదాలను మార్చినంత మాత్రాన సొంత మాటలు కావు. మూలంలోని పేరాను రెండుసార్లు చదివి, పుస్తకం మూసి, అర్థమైనదానిని రాసి, తిరిగి పుస్తకం తెరిచి సరిచూసుకోవాలి. మూసినప్పుడు రాయలేకపోతే ఇంకా అర్థం కాలేదన్నమాట.

ఒకరి అభిప్రాయాన్నో, ఒక నిర్వచనాన్నో, వివాదంలో ఉన్న వాక్యాన్నో చెప్పవలసినప్పుడు వారి మాటలనే ఉటంకించాలి. అప్పుడు పాటించవలసిన నియమాలు కొన్ని ఉన్నవి. ఉటంకింపు చిన్నదిగా ఉండాలి. కొటేషన్ గుర్తుల నడుమ ఉన్న ప్రతి అక్షరమూ మూలంలోనిదే కావాలి; అచ్చుతప్పును కూడా నిశ్శబ్దంగా దిద్దరాదు. కొంత వదిలితే చుక్కలతో చూపాలి. వదిలినందువల్ల అర్థం తారుమారు కారాదు. "ఈ వాదం నిజమని కొందరంటారు, కాని దానికి సాక్ష్యం లేదు" అన్న వాక్యంలో రెండవ సగాన్ని చుక్కలపాలు చేసినవాడు ఉటంకించలేదు, కల్పించినాడు.

తాను చూడని గ్రంథాన్ని చూసినట్టు పేర్కొనటం మరొక దోషం. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి మాటను వేరొకరి పుస్తకంలో చదివినప్పుడు, "ఫలానావారి పుస్తకంలో ఉదహరించిన ప్రకారం" అని రాయటమే మర్యాద. మధ్యవారు పొరబడి ఉంటే ఆ పొరపాటు ఎక్కడ పుట్టినదో తరువాతివారు పట్టుకొనగలుగుతారు.

హక్కుల మాట కూడా మరువరాదు. భారతదేశంలో రచయిత మరణించిన తరువాత అరవై సంవత్సరాలవరకు సాహిత్య రచనలకు కాపీహక్కు ఉంటుంది. 1923లో మరణించిన లక్ష్మణరావు రచనలను ఎవరైనా తిరిగి అచ్చువేయవచ్చు. నిన్నమొన్న వచ్చిన పత్రికా వ్యాసాన్ని పేరాలుగా ఎత్తి సర్వస్వంలో పెట్టరాదు. అయితే హక్కు తీరిన రచనకు కూడా పేరు చెప్పవలసిందే. హక్కు చట్టానికి సంబంధించినది. పేరు చెప్పటం నిజాయితీకి సంబంధించినది.

మూలాన్ని చూపేటప్పుడు రచయిత, గ్రంథనామం, ప్రచురణకర్త, సంవత్సరం, పుట సంఖ్య ఇవ్వాలి. అంతర్జాలంలోనిదైతే చూసిన తేదీ కూడా చేర్చాలి. పుట సంఖ్య లేకుండా ఐదువందల పుటల గ్రంథాన్ని పేర్కొనటం, ఇంటినంబరు లేకుండా తిరుపతి అని మాత్రమే రాసిన ఉత్తరంవంటిది.

వలయంలో తిరిగే మాట

ఈ జాగ్రత్తలన్నీ పాటించినా ఒక గండం మిగులుతుంది. ఎవరో ఒకరు సర్వస్వంలో మూలం లేని వాక్యం చేర్చుతారు. ఒక విలేఖరి దానిని చదివి తన వార్తలో వాడుకొంటాడు. మరికొన్నాళ్ళకు ఇంకొక సభ్యుడు వచ్చి, "ఈ వాక్యానికి మూలం కావాలి" అన్న సూచనను చూసి, ఆ వార్తనే మూలంగా చేర్చుతాడు. మాట తన తోకను తానే పట్టుకొన్నది! ఇక దానిని తొలగించటం కష్టం. శిలాతోరణంమీది "మూడే" అన్న మాటవంటివి ఇట్లానే బలం పుంజుకొంటవి. దీనికి విరుగుడు తేదీలను చూడటమే. వ్యాసపు "చరితం" పుటలో ప్రతి మార్పుకూ తేదీ ఉంటుంది. వార్తకంటె ముందే వాక్యం సర్వస్వంలో చేరి ఉంటే ఆ వార్తను అనుమానించాలి. ఈ కారణంగానే వికీపీడియాలోని ఒక వ్యాసాన్ని మరొక వ్యాసానికి మూలంగా చూపటం కూడదన్నారు.

అడిగిన క్షణంలో వ్యాసం రాసి ఇచ్చే కృత్రిమ మేధ యంత్రాలు వచ్చిన తరువాత ఈ గండం పెరిగినది. అవి కొన్ని సందర్భాలలో లేని గ్రంథాలకు చక్కని పేర్లూ, పుట సంఖ్యలూ కల్పించి ఇస్తవి. పేరు చూసి మురిసిపోక గ్రంథాన్ని తెరిచి పుట చూసినవాడే ఇక్కడ గట్టెక్కుతాడు.

పెద్దల మాట ఏమి కావాలి?

ఈ నియమాలు విన్న తరువాత తిరుపతి పరిసర గ్రామాలవారికి ఒక సందేహం కలగటం సహజం. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషం, తోటి వేషం, దొర వేషం ఎందుకు వేస్తారో వీధిలోని వృద్ధులకు తెలుసు. ఏ చెరువును ఏ ఊరివారు తవ్వించినారో, ఏ గింజను ఏ నక్షత్రంలో చల్లేవారో వారికి తెలుసు. ఇవన్నీ అచ్చులో లేవు. అచ్చులో లేనిదంతా అసత్యమేనా?

కాదు. అసత్యమని ఎవరూ అనటం లేదు. విజ్ఞాన సర్వస్వం చివరి మెట్టు. పెద్దల మాట మొదటి మెట్టు. నడుమ మెట్లు కట్టకుండా ఒక్క గంతులో ఎక్కాలనుకోవటమే పొరపాటు. పెద్దల మాటను చెప్పినవారి అనుమతితో, తేదీతో సహా శ్రద్ధగా సేకరించి, పదిమందితో పోల్చి, ఒక పత్రికలోనో, సిద్ధాంత వ్యాసంలోనో, స్థానిక చరిత్రగానో ప్రకటిస్తే అది మూలమవుతుంది. 1939లో తిరుపతిలో నెలకొన్న ప్రాచ్య పరిశోధన సంస్థ, 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఈ నడుమ మెట్లను కట్టటానికి తగిన తావులు. రెండువందల ఏండ్లక్రితం కల్నల్ మెకంజీ పరివారం ఊరూరా తిరిగి కైఫీయతులు సేకరించి ఉండకపోతే ఈనాడు ఎన్నో గ్రామాల పాత చరిత్రకు ఆధారమే దొరికేది కాదు. ఆ పనిని ఈనాడు చేయవలసినవారు ఆ గ్రామాల చదువుకొన్న పిల్లలే. ఆలస్యమైతే నష్టపోయేది సర్వస్వం ఒక్కటే కాదు. వృద్ధులతోపాటు ఆ జ్ఞానమే కాలగర్భంలో కలిసిపోతుంది.

ఇంతకూ శిలాతోరణంమీద వ్యాసం రాయబూనిన విద్యార్థి ఏమి చేయాలి? "ఈ తోరణం ఏర్పడిన క్వార్ట్‌జైటు శిల ఇన్ని కోట్ల సంవత్సరాలనాటిదని భూగర్భ శాస్త్రజ్ఞుల అంచనా" అని రాసి, ఆ అంచనా ఉన్న గ్రంథాన్ని, పుటను చూపాలి. "ప్రపంచంలో మూడే" అన్న వాక్యాన్ని వదిలివేయాలి. వ్యాసం ఒక వాక్యం తగ్గుతుంది. కాని మిగిలిన ప్రతి వాక్యమూ రేపు ఒక బడిపంతులు పిల్లలకు నిశ్చింతగా చదివి వినిపించదగినదై ఉంటుంది.